బస్సుకి స్టైపెండు, విమానానికి ఎదురు కట్నమా?

మా నాన్న పలాస ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. 2013లో ఇంటర్ ఎంపీసీ పాసై, విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్‌లో చేరతానని నేనన్నప్పుడు అడ్డు చెప్పలేదు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పంపిన రంగుల పుస్తకాన్ని కళ్లజోడు పెట్టుకుని మొదట్నుంచి చదివాడు. ఫీజుల పేజీ మీద వేలు పెట్టి ఆగాడు.

“మా డిపోలో పని నేర్సుకోడానికొచ్చిన ఐటీఐ కుర్రోళ్లకి నెలనెలా ఆర్టీసీయే డబ్బులిస్తాది. ఇమానం పని నేర్సుకోడానికి మనమే ఎదురు కట్టాలేటమ్మా?”

ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. పెద్ద చదువు కదా, ఖర్చూ పెద్దదే అనుకున్నాను. ఇవాళ నేను శంషాబాద్‌లో రాత్రి డ్యూటీలు చేస్తూ, తెల్లారి ఎగరాల్సిన విమానానికి సంతకం పెట్టే ఇంజినీరుని. నాన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. ఆయన అడిగింది అమాయకంగా కాదని మాత్రం తెలిసొచ్చింది.

ప్రతి జూన్‌లో మా ఊళ్లవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. “మావాడు ఏరోనాటికల్ బీటెక్ చేస్తానంటున్నాడు, నీలాంటి ఉద్యోగం వస్తుందా?” అని. రాదు. ఆ బీటెక్ విమానాన్ని రూపొందించే చదువు. మాది డిగ్రీ కాదు, లైసెన్సు. దాన్ని ఇచ్చేది ఢిల్లీలోని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. సీఏఆర్-66 అనే నిబంధనల ప్రకారం ఇస్తుంది. ఇందులో చాలామంది చేరేవి రెండు దారులు. టర్బైన్ ఇంజిన్ ఉన్న విమానాల ఇంజిన్, బాడీ, చక్రాలు, హైడ్రాలిక్స్ చూసేది బీ1.1. రేడియో, రాడార్, ఆటోపైలట్ లాంటి ఏవియానిక్స్ చూసేది బీ2. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి. డీజీసీఏ ఆమోదించిన సీఏఆర్-147 ఇన్‌స్టిట్యూట్‌లో 2,400 గంటల కోర్సు. దాంతోపాటు డీజీసీఏ పెట్టే మాడ్యూల్ పరీక్షలు. కరెంటు, లోహాలు, గాలి గతి, జెట్ ఇంజిన్, చట్టం, చివరికి మనిషి ఎందుకు పొరపాటు చేస్తాడన్నది కూడా ఒక మాడ్యూలే. ప్రతిదాంట్లో నూటికి 75 రావాలి, 74 వస్తే మళ్లీ రాయాల్సిందే.

ఇక్కడిదాకా అందరికీ తెలుసు. రంగుల పుస్తకంలో ఉండేదీ ఇంతే. రెండో సగం చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇవన్నీ పాసైనా, నిజంగా ఎగురుతున్న విమానాల మీద రెండేళ్లు పని చేసిన అనుభవం చూపించాలి. అదీ నోటిమాటగా కాదు, లాగ్‌బుక్‌లో. ఏ తేదీన, ఏ విమానం మీద, మాన్యువల్‌లోని ఏ పేరా ప్రకారం, ఏ పని చేశామో రాసి, పక్కన నిలబడి చూసిన లైసెన్సుడు ఇంజినీరుతో సంతకం పెట్టించుకోవాలి. అప్పుడే లైసెన్సు. ఆ తర్వాత ఫలానా రకం విమానానికి టైప్ రేటింగ్, ఆపైన కంపెనీ ఇచ్చే అధికారం. ఇన్ని మెట్లూ ఎక్కాకే ‘ఈ విమానం ఎగరొచ్చు’ అన్న కాగితం మీద మన సంతకానికి విలువ.

2015లో నా క్లాసులు ముగిశాయి. రెండో సగం ఎక్కడ చేయాలని అడిగితే, ‘సాయం చేస్తాం’ అన్న ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోన్లు ఎత్తడం తగ్గించారు. తర్వాత ఎవరో మధ్యవర్తి ఫోన్ చేశాడు. విమానాలు బాగుచేసే హ్యాంగరులో ‘సీటు’ ఉందట. సినిమా టికెట్టు బ్లాకులో అమ్మినట్టు రేటు చెప్పాడు. జీతం లేదు, స్టైపెండు లేదు, బస మనదే. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నాను. మా అమ్మ జీడి పిక్కలు ఒలిచే పనికి వెళ్లేది. జీడి రసానికి ఆమె వేళ్లు నల్లగా కాలిపోయి ఉండేవి. సాయంత్రం ఆ చేతులతో అన్నం పెడుతుంటే తల ఎత్తేదాన్ని కాదు. చివరికి నాన్న పీఎఫ్ మీద లోను తీశాడు. 2016 జనవరిలో వేరే రాష్ట్రంలోని ఒక హ్యాంగరులో అడుగుపెట్టాను. అంటే పని చేయడానికి నేనే డబ్బు కట్టి చేరాను.

నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురిలో ఒకడు ఒక విమానాశ్రయంలో సామాను ఎక్కించే పనిలో కుదిరాడు. పదకొండు మాడ్యూళ్లు పాసైన వాడు! ఒకమ్మాయి బ్యాంకు పరీక్షలు రాసుకుంది. మూడో అతను ఇంటికి దూరమై ఎక్కడున్నాడో తెలియదు. వాళ్లెవరూ చదువులో నాకంటే తక్కువ కాదు. వాళ్ల నాన్నలకు పీఎఫ్ లేదు. అంతే తేడా.

ఈ రెండేళ్ల పని ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే ఒక తీగ గురించి చెప్పాలి.

ఇంజిన్ చుట్టూ చాలాచోట్ల బోల్టులు అదురుకు వదులు కాకుండా సన్నటి స్టీలు తీగతో కట్టేస్తారు. లాక్‌వైరు అంటాం. మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన ముప్పై రెండు. తీగను బోల్టు తలలోని చిల్లులోంచి దూర్చి, రెండు పాయలుగా చేసి పురిపెట్టి, పక్క బోల్టుకు కలపాలి. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు పడాలి. తక్కువైతే తీగ వదులు, ఎక్కువైతే తీగ నలిగి తెగుతుంది. అన్నిటికంటే అసలు సంగతి, బోల్టు వదులయ్యే వైపు తిరగబోతే తీగ దాన్ని బిగుసుకునే వైపు లాగాలి. దిక్కు తప్పితే ఎంత అందంగా కట్టినా అది అలంకారమే. చివర మిగిలిన మెలికను కత్తిరించి లోపలికి వంచాలి, చేతికి గుచ్చుకోకుండా. దాన్ని పిగ్‌టెయిల్ అంటారు. నేను పిలక అనుకునేదాన్ని.

పరీక్షలో దీని మీద వచ్చిన ప్రశ్నలన్నిటికీ సరైన జవాబులే పెట్టాను. హ్యాంగరులో బెంచీ మీద మొదటిసారి కట్టినప్పుడు మా సీనియరు వచ్చి చూపుడువేలితో తీగను మీటారు, వీణ తీగను మీటినట్టు. విజయవాడ వైపు మనిషి, పాతికేళ్ల సర్వీసు. “అమ్మాయ్, ఇది బట్టలారేసుకునే తాడు. మళ్లీ కట్టు” అన్నారు. మళ్లీ కట్టాను. “ఇప్పుడు జడలా ఉంది. మళ్లీ.” పదకొండోసారి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. అంటే బాగుందని. తర్వాత వారం రోజులకు విమానం మీద కట్టనిచ్చారు.

అక్కడే తప్పు చేశాను. పిలక కత్తిరిస్తుండగా ముక్క చేతిలో పడాల్సింది టింగుమని ఎగిరింది. పావు అంగుళం ఉంటుందేమో. కింద పడిందో, ఇంజిన్ సందులో పడిందో చూడలేదు. సమయం రాత్రి రెండున్నర, విమానం ఆరింటికి బయల్దేరాలి. ఎవరూ చూడలేదు. నా చేతులు చల్లబడ్డాయి. పది నిమిషాలు తటపటాయించి, “సార్, ముక్క ఒకటి కనబడట్లేదు” అన్నాను. ఆయన తిట్టలేదు. టార్చి తీసుకుని నలుగురిని పిలిచారు. గంటన్నర వెతికాం. అది నా బూటు అడుగు గాడిలో ఇరుక్కుని ఉంది. విమానం నలభై నిమిషాలు ఆలస్యమైంది. మర్నాడు ఆయన నా లాగ్‌బుక్‌లో ఆ పనికి సంతకం పెడుతూ ఒకే మాటన్నారు: “తీగ కట్టినందుకు కాదమ్మా, ముక్క పోయిందని చెప్పినందుకు పెడుతున్నా.”

ఈ పాఠం ఏ క్లాసురూములోనూ చెప్పలేరు. చెప్పినా మార్కులకే పనికొస్తుంది. తప్పును దాచుకోవాలని మనసు లాగే ఆ పది నిమిషాలను దాటడం, పక్కన పెద్దవాళ్లుండగా ఒక్కసారైనా జరగాలి.

హ్యూమన్ ఫ్యాక్టర్స్ మాడ్యూల్‌లో మేమంతా చదివే ఉదంతం ఒకటుంది. 1990 జూన్ 10న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కాక్‌పిట్ ముందు అద్దం ఊడిపోయింది. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ నడుము దాకా బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది కాళ్లు పట్టుకుని వేలాడారు. కోపైలట్ అలస్టేర్ ఆట్చిసన్ సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు. కారణం బోల్టులు. అంతకు ముందు రోజు తెల్లవారుజామున అద్దం మార్చినప్పుడు బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికంటే సన్నవి. తేడా అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన ఇరవై ఆరు, అంటే మా లాక్‌వైరు కంటే సన్నం. మిగతా ఆరు పొట్టివి. వాటిని ఎంచింది కొత్త కుర్రాడు కాదు, షిఫ్టు మేనేజరే. ఏ సైజు వాడతారో స్టోర్స్ మనిషి చెప్పినా, కేటలాగు తెరవకుండా పాత బోల్టు పక్కన కొత్త బోల్టు పెట్టి కంటితో సరిచూసుకున్నాడు.

అనుభవజ్ఞుడి చేతిలోనే ఇలా జరిగితే, లాగ్‌బుక్‌ను డబ్బిచ్చి నింపించుకున్న వాడి సంగతేమిటి? హ్యాంగరు సీటు సరుకుగా మారిన చోట తర్వాతి మెట్టు అదే. రెండేళ్లు ఉచితంగా చాకిరీ చేయలేని వాడికి, ‘రాకున్నా పర్లేదు, సంతకాలు మేం చూసుకుంటాం’ అనే గొంతు వినబడుతుంది. నాకూ వినబడింది. ఇలాంటి వాళ్లను పట్టుకుని శిక్షించాలి, నిజమే. కానీ పిల్లలను ఆ గొంతు దాకా నెట్టిన లెక్కనూ సరిచేయాలి.

లెక్క పెద్ద కష్టమైందేమీ కాదు. చట్టం ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం, దాని కింద 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. స్టైపెండు ఇవ్వాల్సింది సంస్థే. అందులో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద కేంద్రం భరిస్తోంది. మా డిపో కుర్రాళ్లకు డబ్బులొచ్చింది ఈ చట్టం పుణ్యానే. విమానాల దగ్గరికొచ్చేసరికి అదే కుర్రాణ్ణి ‘అప్రెంటిస్’ అనకుండా ‘ట్రైనీ’ అంటారు. పేరు మారగానే డబ్బు ప్రవహించే దిక్కు మారిపోతుంది. నాన్న అడిగింది దీని గురించే.

కంపెనీల వాదనా నాకు తెలుసు. ఇప్పుడు నేనూ నేర్పేదాన్నే కాబట్టి వాళ్ల తరఫున చెప్పగలను. రాత్రి నాలుగు గంటల్లో పని ముగించాల్సి ఉండగా పక్కన కొత్తవాడుంటే ఆరు గంటలు పడుతుంది. వాడు చేసిన ప్రతి పనికీ బాధ్యత నాది. సెక్యూరిటీ పాసులు, బీమా, బూట్లు, అన్నీ ఖర్చే. నేర్చుకున్నాక పక్క కంపెనీకి వెళ్లిపోతాడు. ఇవన్నీ నిజాలే. అయితే ఈ ఖర్చు భరించాల్సింది ఎవరు? లాభం ఎవరికో వాళ్లు. పీఎఫ్ లోను తీసిన మెకానిక్కు కాదు.

పైగా రాయితీలు తీసుకునేటప్పుడు ఈ రంగం మొహమాటపడలేదు. విమానాల మరమ్మతు సేవలపై జీఎస్టీని 2020లో 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. 2024 జులై నుంచి విడిభాగాల దిగుమతిపైనా ఒకే తీరున 5 శాతం చేశారు. పని మన దేశంలోనే జరగాలని, ఉద్యోగాలు పెరగాలని ఇచ్చిన రాయితీలివి. మంచిదే. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. 2025 నవంబరులో శంషాబాద్‌లోనే శాఫ్రాన్ సంస్థ లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రానికి ప్రారంభోత్సవం జరిగింది. ఈ విమానాలు ఒక్కొక్కటి దిగిన ప్రతిసారీ కింద ఒక మనిషి టార్చి పట్టుకుని నిలబడాలి. ఆ మనిషిని తయారు చేయడానికి నాలుగేళ్లకు తక్కువ పట్టదు. విమానాన్ని ఆర్డరు పెట్టినట్టు ఇంజినీరును ఆర్డరు పెట్టలేం.

నేను అడిగేవి మూడే. ఒకటి: హ్యాంగరులో చోటుకు రాతపూర్వక ఒప్పందం చూపించనిదే ఇన్‌స్టిట్యూట్‌కు ఆ సీటు నింపే అనుమతి ఇవ్వకూడదు. నలభై మందిని చేర్చుకుంటే నలభై మందికీ హ్యాంగరు చూపించాలి. రెండు: పని నేర్పడానికి నేర్చుకునేవాడి దగ్గర ఎవరూ పైసా తీసుకోకూడదు. ట్రైనీ అన్నా, ఇంకే పేరు పెట్టినా అప్రెంటిస్ చట్టం కిందికే తేవాలి. మూడు: చేరినవాళ్లలో ఎంతమంది లైసెన్సు దాకా వచ్చారో ఇన్‌స్టిట్యూట్ వారీగా డీజీసీఏ ఏటా ప్రకటించాలి. ఈ ఒక్క అంకె బయటపెడితే సగం రంగుల పుస్తకాలు వాటంతటవే మూతపడతాయి. పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు మా శ్రీకాకుళం ఎంపీయే. మా జిల్లా నుంచి ఎంతమంది తండ్రులు ఏమేం తాకట్టు పెట్టి పిల్లలను ఈ చదువుకు పంపారో ఆయన కనుక్కోవడం కష్టం కాదు.

అవన్నీ జరిగేలోగా ఈ ఏడాది చేరే పిల్లలకు, వాళ్ల ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఒక మాట. ఇన్‌స్టిట్యూట్ పేరు డీజీసీఏ వెబ్‌సైటులోని ఆమోదిత జాబితాలో ఉందో లేదో, ఏ కేటగిరీకి ఉందో మీరే చూసుకోండి. వాళ్లు చూపించే ఫోటోకాపీ నమ్మొద్దు. ‘ప్లేస్‌మెంట్’ గురించి అడక్కండి, ‘రెండేళ్ల అనుభవం ఏ హ్యాంగరులో, ఒప్పందం కాగితం చూపించండి’ అని అడగండి. మాట దాటేస్తే లేచి వచ్చేయండి. విమాన సంస్థలు, మరమ్మతు కేంద్రాలు నేరుగా ఇచ్చే అప్రెంటిస్ ప్రకటనలను వదలకండి. అక్కడ రాతపరీక్షలో ఇంటర్ ఫిజిక్స్, మ్యాథ్సే ఎక్కువ పనికొస్తాయి. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ‘ఇంట్లో ఏం రిపేరు చేశావు?’ అని. మా అమ్మమ్మ కుట్టుమిషన్ అని చెప్పాను. ఇరవై నిమిషాలు దాని మీదే అడిగారు.

తెలుగు మీడియం అని వెనకాడేవాళ్లకు ఇంకో మాట. విమానం మాన్యువల్ ఇంగ్లిషు మీరు భయపడే ఇంగ్లిషు కాదు. మాతృభాష ఇంగ్లిషు కాని మెకానిక్కుల కోసమే దాన్ని వడగట్టి రాస్తారు. సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అంటారు. సాంకేతిక పదాలు పక్కన పెడితే అందులో అనుమతించిన మాటలు 900 దాకానే. ఒక మాటకు ఒకటే అర్థం. పని చెప్పే వాక్యం ఇరవై మాటలు దాటకూడదు. ‘ఫాలో’ అంటే ఒకదాని వెనక మరొకటి రావడమే, ‘పాటించు’ అని చెప్పాల్సిన చోట ఆ మాట వాడరు. క్లాసులో వెనక బెంచీలో బిక్కుబిక్కుమన్న నేను, హ్యాంగరులో మాన్యువల్ తెరిచాక ఊపిరి పీల్చుకున్నాను. ఆ పుస్తకం నాలాంటి వాళ్ల కోసమే రాశారని తెలిసి.

నాకు 2019లో లైసెన్సు వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2020 మార్చి 25 నుంచి రెండు నెలల పాటు దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అప్పుడు తెలిసింది, ఎగిరే విమానం కంటే నిలబడ్డ విమానానికే పని ఎక్కువని. ఇంజిన్ నోళ్లకు మూతలు, గాలి వేగం కొలిచే గొట్టాల్లో కందిరీగలు గూళ్లు కట్టకుండా తొడుగులు, టైర్లు ఒకే వైపు నలగకుండా చక్రాలు తిప్పడం. అంత పని ఉన్నా, మా హ్యాంగరులో ముందుగా ఇంటికి పంపింది నేర్చుకునే పిల్లలనే. ఇవాళ మనుషులు దొరకట్లేదని మీటింగుల్లో వాపోతున్నప్పుడు నాకు వాళ్లే గుర్తొస్తారు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్న నా లాగ్‌బుక్ అడిగి తీసుకుని చూశాడు. పేజీలు తిప్పుతూ తేదీలు, సంతకాలు వేలితో తడుముతూ, “మా డిపోలోనూ ఇలాగే రాయించేవోళ్లం” అన్నాడు. డిపో నోటీసు బోర్డు మీద ఏటా ఒక కాగితం అంటించేవారట. ఆ ఏడాది తీసుకున్న అప్రెంటిస్‌ల పేర్లు, ట్రేడు, ఎదురుగా నెలకు ఇచ్చే మొత్తం. వచ్చే పోయే వాళ్లందరికీ కనబడేలా.

“మీ కాడ అలాటి కాగితం అంటిస్తారేటి?” అని అడిగాడు.

ఇంకా లేదు నాన్నా.